ఫానోలువా ఉన్నాడు, ఇయోసెఫో లేడు

ఈ ఉద్యోగంలో చాలామందిని చాలాచోట్ల విచారించాను. లాకప్పులో, ఆస్పత్రి మంచం పక్కన, ఒకసారి చర్చిలో పాటలు పాడేవాళ్ళ మధ్య కూర్చుని కూడా. చాప కింద ఉన్న మనిషిని విచారించడం మాత్రం నాకు ఇదే మొదలు.

"ఫానోలువా గారూ, నేను ఇన్‌స్పెక్టర్ మాతాలెనాని. మీతో మాట్లాడాలి," అన్నాను, ముంగిట్లో గులకరాళ్ళ మీద మోకాళ్ళూని, చాప అంచుకి నోరు దగ్గరగా పెట్టి.

వెనక వరసల్లో తలలు వంచుకుని కూర్చున్న ఆయన బంధువులు ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. మా దీవిలో క్షమాపణకి కూర్చున్న మనిషిని పలకరించే హక్కు ఎదుటి ఇంటివాళ్ళకే ఉంటుంది. మధ్యలో నేనెవర్ని? మా అమ్మ బతికుంటే చీపురు తిరగేసేది.

కానీ నాకు వేరే దారి లేదు. నిన్న సాయంత్రం ప్రార్థన గంటకి కాస్త ముందు, పక్కనున్న ఆయిల్ డిపోలో మూడో నంబరు ట్యాంకు లోపల పెనీ అనే కుర్రాడు చచ్చిపోయాడు. ఖాళీ ట్యాంకులో అడుగు శుభ్రం చేస్తున్నాడు. అతను లోపల ఉండగానే ఎవరో వాల్వు తెరిచారు. ఆవిరికి స్పృహ తప్పి, వచ్చి పడుతున్న పెట్రోల్లోనే మునిగిపోయాడు. వాల్వు తెరిచింది ఫానోలువా అని డిపో కంప్యూటరు చెప్పింది.

అంతే. ఆ మాట ఊళ్ళోకి వచ్చిన రాత్రే ఫానోలువా కుటుంబం తమ వంశంలోకెల్లా సన్నటి అల్లిక చాప పెట్టెలోంచి తీసింది. తెల్లవారకముందే వచ్చి పెనీ ఇంటి ముందు కూర్చుంది. అందరికీ ముందు ఫానోలువా. ఆయన తల మీదుగా చాప. పెనీ తరఫువాళ్ళు వచ్చి ఆ చాప ఎత్తితే రెండు కుటుంబాల మధ్య పగ తీరినట్టు. ఎత్తకపోతే అలా కూర్చోవలసిందే. కోపం పట్టలేక కత్తి తీసుకుని వస్తే, దానికీ తల వంచే కూర్చోవాలి. ఎండ అప్పటికే నెత్తి మీదకి ఎక్కుతోంది. ఆ ఇంట్లోంచి ఒక్కరూ దిగి రాలేదు.

"వెళ్ళిపో అక్కా," అంది చాప. "ఇప్పుడు మాటలేమిటి?"

"వాల్వు మీరే తెరిచారా?"

"లేదు."

"మరి ఈ చాప దేనికి?"

"కంప్యూటరు ఫానోలువా అని చెప్పింది. ఆ పేరు మా పెదనాన్న ముప్పయ్యేళ్ళు మోశాడు. ఇప్పుడు నేను మోస్తున్నాను. ఆ పేరు మీద ఒక పిల్లాడి చావు పడితే దాని కింద కూర్చోవలసింది నేను కాక ఇంకెవరు?"

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ళని చూశాను. కాయ తెచ్చి భుజం మీద పెట్టుకునేవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నాను. పెద్దమనిషి తరహా తర్వాత, ముందు జరిగింది చెప్పండి."

లోపలినుంచి గొంతు బొంగురుగా వచ్చింది.

"షిఫ్టులో నేనొక్కణ్ణే. తెర మీద మూడో ట్యాంకు వాల్వు తెరుచుకున్నట్టు ఎర్రగా వెలిగింది. నా ట్యాబ్ తీసి మూయమని నొక్కాను. వినలేదు. మళ్ళీ నొక్కాను. పరుగెత్తాను. చేత్తో చక్రం తిప్పి మూసేసరికి..." చాప వణికింది. "కాళ్ళు పట్టుకుని లాగింది నేనే అక్కా. అప్పటికే బరువైపోయాడు."

"మనిషి లోపల ఉన్నప్పుడు వాల్వుకి కంప్యూటరులో తాళం వేస్తారు కదా?"

"వేస్తాం. నేనే వేశాను. దాన్ని డిపో హెడ్ తప్ప ఎవరూ తియ్యలేరు."

"కంప్యూటరు మీరే తీశారంటోంది. మీరు షిఫ్టు ఆపరేటరు. హెడ్ అధికారం మీకెక్కడిది?"

"నాకు తెలీదక్కా," అన్నాడు. "అది నాకు ఉందని నిన్న రాత్రి వాళ్ళు చెబితేనే తెలిసింది."

నేను పట్టుకుని లాగాల్సిన దారం అదేనని అప్పుడే అనిపించింది. ఇంకో మాట అడగబోతుండగా ఎదుటి ఇంట్లోంచి కేక వినిపించింది.

"ఇన్‌స్పెక్టర్! అది మా రెండిళ్ళ విషయం. లే అక్కణ్ణించి!"

కేక వేసింది తవితా, పెనీ అన్న. డిపోలో ట్యాంకులు శుభ్రం చేసే ముఠాకి మేస్త్రీ. మా ఊళ్ళో ఇళ్ళన్నిటిలాగే గోడలు లేని ఇల్లు కాబట్టి లోపలున్నవాళ్ళంతా కనిపిస్తూనే ఉన్నారు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఆడవాళ్ళు, పరామర్శకి వచ్చిన పెద్దలు, మధ్యలో పెనీ తల్లి సెఫినా. తవితా ముందు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. రాత్రినుంచి అక్కణ్ణించి లేవలేదట, గుక్కెడు కోకో కూడా తాగలేదట. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడి మీద విసుక్కోలేక లేచి నిలబడ్డాను.

అప్పుడే జేబులో ఫోను మోగింది. మా పై అధికారి. "మధ్యాహ్నం పన్నెండుకి ఫానోలువా మీద హత్య కేసు పెట్టేస్తున్నాం. ఆక్లండ్ నిపుణుడి రిపోర్టు చేతికొచ్చింది. నీకేమైనా అభ్యంతరం ఉంటే ఈలోగా చెప్పు," అన్నాడు. ఆయన దృష్టిలో అది ధర్మమే. ఎదురుగా చాప కింద కూర్చున్నవాడు నేరం ఒప్పుకున్నట్టే కదా.

నేను కంచె చుట్టూ తిరిగి డిపోలోకి వెళ్ళాను. ముందు ట్యాంకు దగ్గరికే. పెట్రోలంతా తోడేశారు గానీ వాసన ఇంకా ముక్కు పగలగొడుతోంది. మనిషి దూరే కంతలోంచి టార్చి వేసి అడుగంతా చూశాను. ఒక మూల పెనీ చీపురు, ఒక రబ్బరు చెప్పు పడి ఉన్నాయి. ఆ చెప్పు మీంచి చూపు తిప్పుకుంటేనే పడమటి వైపు అడుగున ఇంకొకటి కనిపించింది. బొటనవేలంత లావు గొట్టం. చుట్టూ ఇనుమంతా తుప్పు రంగులో ఉంటే, దాని అతుకు మాత్రం తళతళలాడుతోంది. గోడలోంచి బయటికి, కంచె వైపు పోయింది. పక్కనున్న ఖాళీ ట్యాంకులో చూశాను. అలాంటిది లేదు.

"మీరు తప్పు చోట వెతుకుతున్నారు ఇన్‌స్పెక్టర్," అన్నారు వెనకనుంచి.

ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గ్రాంట్ వీలర్ నిలబడ్డాడు. ఆక్లండ్ నుంచి డిపో కంప్యూటర్లు బాగుచెయ్యడానికి వచ్చిన పాలాంగి, అంటే తెల్లవాడు. నాకంటే ముందు రిపోర్టు రాసి, నాకంటే ముందు పై అధికారికి పంపినవాడు కూడా అతనే.

"ఈ గొట్టం ఏమిటి?" అన్నాను.

"నాకేం తెలుసు? నేను గొట్టాల మనిషిని కాను. హత్య చేసింది గొట్టం కాదు, వాల్వు. వాల్వు తెరిచింది ఎవరో నా సిస్టం చెప్పింది. రండి, చూపిస్తా."

ఆఫీసు గదిలో తెర నా వైపు తిప్పాడు. ఇలిసపేతా అనే ఆఫీసు గుమాస్తా ఓ మూల కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది.

"నా చేతికొచ్చేసరికి ఈ డిపో డైరెక్టరీ, అదే ఎవరికి ఏ హక్కుందో రాసే జాబితా, చేపల సంతలా ఉంది," అన్నాడు వీలర్. "ఎప్పుడో మానేసినవాళ్ళు, దేశం వదిలి పోయినవాళ్ళు, అందరి ఖాతాలూ బతికే ఉన్నాయి. ఎవరి సొంత ఫోన్లోంచి వాళ్ళు తలుపులు తీసేస్తున్నారు. అంతా ఊడ్చేశాను. ఇప్పుడు పనిలో ఉన్నవాడి ఖాతా అయితేనే, కంపెనీ నంబరు వేసిన ట్యాబ్ అయితేనే తలుపు తీస్తుంది, వాల్వు కదుల్తుంది. నిన్న ఖాతా ఫానోలువాది. ట్యాబ్ కంపెనీది. రెండూ సరిపోయాయి. ఇంకేం కావాలి మీకు?"

"ఇల్లు అలకగానే పండగ కాదు వీలర్ గారూ. ఆపరేటరుకి హెడ్ అధికారం ఎవరిచ్చారు?"

"నేనివ్వలేదు. ఫానోలువా ఖాతాకి మొదటినుంచీ ఉంది."

"మొదటినుంచీ అంటే?"

"డైరెక్టరీ పుట్టినప్పటినుంచీ. పదకొండేళ్ళు."

ఫానోలువాకి ఫానోలువా అన్న పేరు వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. అంతకుముందు ఆయన ఒట్టి ఇయోసెఫో.

ఈ సంగతి నాకు తెలియక కాదు. ఆయన పెదనాన్న, ఆ పెద్దాయన, పోయిన కొన్నాళ్ళకి ఆ బిరుదు ఇతనికి కట్టబెట్టిన రోజు నేనూ వెళ్ళాను, పంది మాంసం నాకూ పంచారు. కానీ నీళ్ళలో ఉన్న చేపకి నీళ్ళు కనబడనట్టు, అది మాకు ఎంత మామూలంటే నాకు తట్టనే లేదు.

"ఇలిసపేతా, ఇటు రా అమ్మా," అన్నాను. "ఇయోసెఫో ఖాతా ఏమైంది?"

ఆ పిల్ల ఉలిక్కిపడింది. "ఆ పేరు అలా అనకండి మేడమ్, తప్పు."

"తప్పు నాది, నువ్వు చెప్పు. ఈయన ఖాతాలు తీసేసే ముందు నిన్ను అడిగాడా?"

"అడిగారు. ఆక్లండ్ నుంచి ఫోన్ చేశారు. ఒక్కొక్క పేరూ చదువుతా, ఉన్నాడో లేడో ఒక్క మాటలో చెప్పు చాలు అన్నారు. కథలొద్దన్నారు."

"ఇయోసెఫో అని చదివినప్పుడు?"

"లేడన్నాను."

"ఫానోలువా అన్నప్పుడు?"

"ఉన్నాడన్నాను." మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నిజమే కదా మేడమ్? అంతకుముందు శనివారమే కదా బిరుదిచ్చారు. ఆ తర్వాత ఇయోసెఫో అనేవాడు ఎక్కడున్నాడు? ఆయన్ని ఇంకా ఆ పేరుతో చెబితే మా నాన్న నా పళ్ళు రాలగొట్టడూ? మర్నాడు ఆయన ట్యాబ్ ఆయన్ని రానివ్వలేదు. నేనే వీలర్ గారికి ఫోన్ చేశా. ఫానోలువా గారి ట్యాబ్ పనిచెయ్యట్లేదంటే, అక్కణ్ణించే దాన్ని ఫానోలువా ఖాతాకి కలిపారు. పనిచేసింది."

వీలర్ తెర మీంచి తల తిప్పాడు. "ఒక్క నిమిషం. ఫానోలువా అంటే ఇంటిపేరు కాదా?"

"కాదు. వంశానికి పెద్ద అయినవాడి పేరు. ఒకడు పోతే ఇంకొకడు దాంట్లోకి వస్తాడు. మనిషి పోతాడు గానీ పేరు పోదు. మీ డైరెక్టరీలో ఉన్న ఫానోలువా, పాత డిపో హెడ్. ఆయన్ని పాతిపెట్టి మూడు నెలలు దాటింది. వీలర్ గారూ, మీరు తుడిచేసింది బతికున్నవాడి ఖాతాని. అట్టేపెట్టింది చచ్చినవాడిది."

అతను కుర్చీలో కూలబడ్డాడు. తెల్లటి మొహం ఇంకా తెల్లబడగలదని నాకప్పుడే తెలిసింది.

"నాకెవరూ చెప్పలేదు," అన్నాడు.

"మీరు అడగలేదు. మాకు చెప్పాలని తోచలేదు."

ఇలిసపేతా రెండు చేతులతో నోరు మూసుకుంది. "అయితే... నా వల్లేనా మేడమ్? నేను ఉన్నాడన్నందుకేనా?"

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. మర్యాద తప్పలేదు. తప్పన్నది ఒక్కటీ చెయ్యకుండా ఇంత దూరం వచ్చేశామే అనిపించింది.

"ఏడవకు, తర్వాత ఏడుద్దాం," అన్నాను. "వీలర్, ఆ ఖాతాకి ఎన్ని ట్యాబులు కలిపి ఉన్నాయి?"

అతను మీటలు నొక్కాడు. "రెండు. పదకొండో నంబరు. అది ఇప్పటాయనకి ఇచ్చింది. ఇంకొకటి... నాలుగు."

"నిన్న వాల్వు తెరిచింది?"

ఇంకో పేజీ తెరిచాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"నాలుగు," అన్నాడు, నాకు వినబడీ వినబడనట్టు.

"రిపోర్టులో ఈ ముక్క లేదేం?"

"రిపోర్టులో గుర్తింపు సరిపోయింది అని మాత్రమే వస్తుంది. నంబరు చూడాలంటే విడిగా ఈ పేజీ తెరవాలి."

"తెరిచారా?"

"సరిపోయింది కదా అని... తెరవలేదు."

"ఈ ముక్క చూడకుండానే ఒక మనిషి మీద హత్య కేసు పెడుతున్నారు. తెల్లవారుజామునుంచి కుటుంబమంతా ఎండలో కూర్చుంది!"

నా అరుపుకి ఇలిసపేతా వెనక్కి జరిగింది. వీలర్ తిరిగి అరవలేదు. గబగబా తెర మీద ఏదో వెతికి వేలు పెట్టబోయాడు.

"ఏం చేస్తున్నారు?"

"తీసేస్తున్నా. ఆ ట్యాబ్‌ని, ఆ ఖాతాని, మొత్తం. ఇంత పెద్ద కన్నం పెట్టుకుని ఒక్క క్షణం ఉంచకూడదు. రూలు అదే."

అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. "ముట్టుకుంటే మిమ్మల్నే లోపలేస్తా. అది మీకు కన్నం. నాకు సాక్షి. ఊడ్చే పని ఇప్పటిదాకా చాలు!"

"దాంతో ఇంకో వాల్వు తెరిస్తే?"

"మీ కళ్ళు దాని మీదే ఉంచండి. కదిలితే అప్పుడు చంపండి. ఒకసారి నమ్మిన ట్యాబ్‌ని మీ సిస్టం మళ్ళీ పాస్‌వర్డ్ అడగదా?"

"అడగదు. ఖాతా బతికున్నంతకాలం అది లోపలే ఉన్నట్టు. ఖాతా తీసేసి ఉంటే ఒట్టి పలక అయ్యేది." చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. తెర మీద నాలుగు అంకె పక్కన పచ్చచుక్క ఉంది. "ఇన్‌స్పెక్టర్. ఇది ఇప్పుడు కూడా వెలుగుతోంది."

"ఎక్కడ?"

"మన వైఫైలోనే. పడమటి కంచె మీది స్తంభం. దాని సిగ్నలు కంచె అవతల ముంగిళ్ళ దాకా వెళ్తుంది."

పడమటి కంచె అవతల ఉన్నది ఒకే ఇల్లు. పెనీది. ఇంటి ముందు చాప, చాప కింద ఫానోలువా, ఆ వెనక వాళ్ళ కుటుంబమంతా. నిన్న ఆ కుర్రాణ్ణి కాళ్ళు పట్టి లాగానని ఏడ్చినవాడి నడుముకే ఆ ట్యాబ్ ఉందేమో. రెండు ట్యాబులూ తనకే ఉంటే, ఒకదాంతో తెరిచి ఇంకొకదాంతో మూసినట్టు నటించడం ఎంతసేపు?

వీలర్‌ని ఫోన్లో లైను మీద ఉండమని, పరుగులాంటి నడకతో మళ్ళీ ఆ ముంగిట్లోకి వచ్చాను. గేటు దగ్గరున్న మా కానిస్టేబుళ్ళు ఇద్దర్నీ ఇంటికి చెరో పక్కా నిలబడమన్నాను. చాప వెనక మొదటి వరసలో పెద్దాయన భార్య మారేతా కూర్చుంది. పక్కన గొంతుక్కూర్చున్నాను.

"పెద్దమ్మా, పెద్దాయన డిపో ట్యాబ్ ఎక్కడుంది?"

ఆవిడ తల ఎత్తకుండానే చెప్పింది. "ఆయనతోనే పంపాను. పెట్టెలో, చేతుల కింద. దాంట్లో మనవరాళ్ళ ఫోటోలున్నాయి, ఒక్కడూ ఏం చూసుకుంటాడు పాపం. ఆ ఆఫీసు పిల్ల వచ్చి అడిగితే, తవ్వి తీసుకోమన్నాను."

"సమాధి మీద గానీ ఎవరైనా చెయ్యి..."

"సిమెంటు పోసి పలకలు వేశాం. రోజూ దాని మీదే కూర్చుని బట్టలు మడతపెడతాను. చీమ కూడా దూరలేదు."

"మరి పెట్టె మూసిందెవరు?"

"డిపోవాళ్ళే. నా కళ్ళు కనబడ్డాయా అప్పుడు? నలుగురూ చేరి మూశారు." గడ్డంతో చాప వైపు చూపించింది. "ఇతనూ ఉన్నాడు."

అయిపోయింది అనుకున్నాను. పెట్టె మూసేముందు ట్యాబ్ తీసినవాడు ఆ నలుగుర్లో ఒకడు. ఆ నలుగుర్లో ఇతనూ ఒకడు. చాప దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాను.

"ఫానోలువా గారూ, నాలుగో నంబరు ట్యాబ్ మీ దగ్గరుందా? ఉంటే ఇప్పుడే చెప్పండి. తర్వాత నేను కూడా ఏమీ చెయ్యలేను."

"అది పెదనాన్నతో మట్టిలో ఉందక్కా," అన్నాడు. గొంతు నాలుక పిడచకట్టినట్టుంది. "దాని ఊసెందుకు?"

లేచి నిలబడి ఫోను చెవికి పెట్టుకున్నాను. "వీలర్, పోయిన ట్యాబ్‌ని వెతకడానికి మోగించొచ్చు కదా?"

"మోగించొచ్చు. సైలెంట్‌లో పెట్టినా పెద్దగానే మోగుతుంది. మోగించనా?"

ఒక్క నిమిషం ఆగమన్నాను. ఆ చాప వైపే చూశాను. కేసు గెలవాలని కోరుకోవడం నాకు అలవాటే. ఏ చప్పుడూ రాకూడదని దేవుణ్ణి వేడుకోవడం మాత్రం ఆ రోజే చేశాను. చాప కిందనుంచి మోగిందా, ఈ కుటుంబానికి కోర్టూ అక్కర్లేదు, ఎదుటి ఇంట్లో కత్తులే చాలు.

"మోగించండి."

పిట్టని పట్టుకుని పిసికినట్టు కీచుమంటూ మొదలైంది. చాప వైపు వంగాను. చాప కింద కాదు. వెనక వరసల్లోనూ కాదు. అందరి తలలూ ఒక్కసారి ఎదుటి ఇంటివైపు తిరిగాయి.

గోడలు లేని ఇల్లు. దాచుకునే మూల లేని ఇల్లు. చచ్చినవాడి అన్నని క్షణం ఒంటరిగా వదలకుండా రాత్రంతా చుట్టూ కూర్చున్న బంధువులు. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా వెళ్ళి విసిరిరావడానికి అతనికి సందు దొరకలేదు. ముందు స్తంభం దగ్గర, తవితా తొడ కింద నొక్కిపెట్టుకున్న తాటాకు బుట్టలోంచి వస్తోంది ఆ మోత.

తవితా రెండు చేతులూ బుట్ట మీద వేసి అదిమాడు. మోత ఆగలేదు. పక్కనున్న ముసలాయన, ఏదో సాయం చేస్తున్నట్టే, బుట్ట లాగి మూత తీశాడు. ట్యాబ్ వెనక తెల్లరంగుతో నాలుగు అంకె నాకు అంత దూరంనుంచే కనబడింది. పెట్టె మూసిన ఆ నలుగుర్లో తవితా కూడా ఉన్నాడన్నమాట.

"నాది కాదు," అన్నాడు తవితా. "దొరికింది నాకు. డిపోలో దొరికింది."

సెఫినా కొడుకు దగ్గరికి మోకాళ్ళ మీద జరిగింది. ఆవిడ మొహంలో కోపం ఇంకా రాలేదు. అర్థం కానట్టు చూస్తోంది.

"తవితా, ట్యాంకులో ఏదో గొట్టం చూశానని పెనీ నిన్న పొద్దున నాతో అన్నాడు. 'అన్నకి చెప్పాను, ఇంకోసారి లోపలికి వెళ్ళి సరిగ్గా చూసి రమ్మన్నాడు' అని కూడా అన్నాడు." ఆగింది. "సరిగ్గా చూసి రమ్మని నువ్వే కదరా పంపావు?"

"ఆ గొట్టంలోంచి పెట్రోలు దొంగతనంగా తోడుతున్నానని వాడు బాస్‌కి చెప్పేస్తానన్నాడమ్మా." తవితా గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. "కొంచెం వదిలితే భయపడి బయటికొచ్చేస్తాడనుకున్నా. భయపెడదామనే. ఇంక దాని జోలికి పోడు కదా అని. వాడెందుకు రాలేదో నాకు తెలీదమ్మా, వాడెందుకు బయటికి రాలేదు?"

దిగి పరుగెత్తబోయాడు. మెట్టు దగ్గరే కానిస్టేబుళ్ళు పట్టుకున్నారు. పెనుగులాడలేదు. ఫోన్లో వీలర్ "మోగుతోందా? ఇన్‌స్పెక్టర్, మోగుతోందా?" అని అడుగుతూనే ఉన్నాడు. "ఆపండి," అన్నాను.

సెఫినా లేచింది. ఎవరో పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. కొడుకు పక్కనుంచి, వాడి వైపు తల తిప్పకుండా, ముంగిట్లోకి దిగింది. ఫానోలువా ముందు నిలబడి రెండు చేతులతో చాప ఎత్తింది. ఆయన మొహం ఎండకి ఉడికిపోయి ఉంది. కళ్ళు వాచిపోయాయి. వెలుతురు భరించలేక రెప్పలు ఆర్పుతూ ఆవిడ వైపు చూశాడు. చాప కింద ఉన్న మనిషికి బయట ఏం జరిగిందో సగమే తెలిసినట్టుంది.

"నువ్వు లే నాయనా," అందావిడ. "మీరు తెల్లవారుజామునుంచి కూర్చున్నారు. మావాడు చేసినదానికి మీరు కూర్చున్నారు. నేను నీడలో కూర్చుని మిమ్మల్ని చూస్తూ, ఎత్తనా వద్దా అని ఆలోచించాను."

ఆయన లేచేలోపే సెఫినా ఆయన ఎదురుగా గులకరాళ్ళ మీద చతికిలబడింది. ఆ చాపనే తన తల మీదుగా కప్పుకుంది.

వెనక వరసల్లో మారేతా గట్టిగా ఏడ్చేసింది. ఫానోలువా కంగారుపడిపోయి మోకాళ్ళ మీద ముందుకి వచ్చాడు. "అమ్మా, వద్దు, వద్దమ్మా," అంటూ చాప అంచు పట్టుకుని పైకి ఎత్తబోయాడు. లోపలినుంచి ఆవిడ దాన్ని బిగించి పట్టుకుంది.

"ఇప్పుడే తియ్యకు బాబూ," అంది. "కాసేపు ఎండ నాకూ తగలనీ."